స్విచ్చి దగ్గర మనిషి

ఆ కార్ఖానాలో అతన్ని అందరూ స్విచ్చిబాబు అనేవాళ్ళు. ఇప్పుడెవరూ అలా పిలవరు. పిలవొద్దని ఎవరూ చెప్పలేదు. బావ పోయిన మర్నాటి నుంచీ ఆ పేరు ఎవరి నోటా రాలేదు, అంతే. పేరు పెట్టినవాడే పోయాక ఆ పేరుతో ఎవరికేం పని?

తలుపులూ కిటికీలూ చేసే ఆ కార్ఖానాలో బావ పెద్ద మేస్త్రీ. చెక్కని కంటితోనే కొలిచేవాడు. జేబులోంచి టేపు తియ్యడమంటే ఆయనకి నామోషీ. తీసి చూస్తే మాత్రం ఆయన చెప్పిన కొలతే ఉండేది, ఉన్నందుకు నెల రోజులు చెప్పుకునేవాడు. మహా మాటకారి, పక్కనుంటే పొద్దు ఎలా పోయిందో తెలిసేది కాదు. పెద్ద రంపం మిషను ఆయనది. ఆయనదంటే ఆయన కొన్నాడని కాదు, ఇంకొకళ్ళని దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదని. ఒక్క బామ్మర్దికి మాత్రం మినహాయింపు.

అమ్మానాన్నా ఒకరి వెంట ఒకరు పోయినప్పుడు అక్కకి పంతొమ్మిది, తమ్ముడికి ఎనిమిది. ఆ మరుసటి ఏడు అక్కకి పెళ్ళయింది. అత్తారింటికి వెళ్తూ తమ్ముణ్ణి కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. "పెళ్ళాంతో పాటు కొసరు కూడా ఇచ్చారురా నాకు" అని బావ ఆ రోజు మొదలుపెట్టిన వేళాకోళం పాతికేళ్ళు నడిచింది. వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఆ కొసరే కొడుకయ్యాడు. పద్దెనిమిదేళ్ళు రాగానే బావే వెంటబెట్టుకెళ్ళి కార్ఖానాలో పెట్టించాడు. వాళ్ళ ఇంట్లోనే మేడమీద గది అతనిది. భోజనం కింద, అక్క దగ్గర.

ఇక ఆ పేరు సంగతి. రంపానికి రోజుకొకసారైనా బ్లేడు మార్చాలి. గట్టి కొయ్యకి ఒక రకం పళ్ళు, మెత్త కొయ్యకి ఇంకో రకం. మార్చాలంటే బల్ల మధ్యలో రేకు తీసి, లోపలికి చెయ్యి పెట్టి, పానాతో నట్టు విప్పాలి. చెయ్యి లోపలున్నప్పుడు మిషను తిరిగితే ఏమవుతుందో పసివాణ్ణి అడిగినా చెబుతాడు. అందుకని ముందు ప్లగ్గు పీకాలి. మిషనుతో వచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే బొమ్మేసి మరీ చెప్పారు. కానీ ఆ ప్లగ్గు ఎక్కడో కింద, గోడ మూల, చెక్కల దొంతర వెనక ఉండేది. వంగి, రంపపు పొట్టులోకి దూరి పీకాలి. పనయ్యాక మళ్ళీ దూరి పెట్టాలి. స్విచ్చి మాత్రం ఎదురుగా స్తంభానికి, మనిషి భుజం ఎత్తులో ఉండేది. బావ ఒక పద్ధతి కనిపెట్టాడు. బామ్మర్ది స్విచ్చి ఆఫ్ చేసి, దానికి వీపు ఆనించి నిలబడాలి. పరధ్యానంలో ఎవరైనా వచ్చి స్విచ్చి వెయ్యబోయినా మధ్యలో మనిషి అడ్డం ఉంటాడు.

"నిలబడ్డావా?" అని అడిగేవాడు బావ, చెయ్యి లోపల పెట్టబోతూ.

"నిలబడ్డా బావా."

ఆ రెండు మాటలతో పదహారేళ్ళు గడిచాయి. "మా స్విచ్చిబాబు నిలబడితే కరెంటు కూడా సెలవు అడిగి లోపలికి రావాలి" అనేవాడు బావ నలుగురిలో. అతనికి ఛాతీ ఉబ్బేది. పుట్టి బుద్ధెరిగాక ఒకరి మీద ఆధారపడటమే గానీ, తన మీద ఒకరు ఆధారపడటం అతనికి అదొక్కటే.

ఆ పదహారేళ్ళలో బావ ఒకే ఒక్కసారి ప్లగ్గు పీకాడు. యజమాని తనిఖీ మనిషినెవరినో పిలిపించి, పనివాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పించాడు. ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. చెయ్యి లోపల పెట్టే ముందు ప్లగ్గు పీకండి. పీకింది మీ కళ్ళెదురుగా పెట్టుకోండి. స్విచ్చిని నమ్మకండి, పక్కనున్న మనిషిని నమ్మకండి. అందరూ తలలూపి టీ తాగి లేచారు. మర్నాడు బావ నిజంగానే దొంతర వెనక దూరి, దగ్గుకుంటూ, ప్లగ్గు పీకి తెచ్చి బల్ల మీద పెట్టాడు. స్విచ్చి దగ్గర నిలబడ్డ బామ్మర్ది మొహం మాడిపోయింది.

"నా మీద నమ్మకం లేదా బావా?"

"నీ మీద కాదురా, కరెంటు మీద."

"పదేళ్ళ నుంచి లేని అనుమానం ఇవాళే పుట్టిందా? చొక్కా నలగనివాడెవడో వచ్చి మనిషిని నమ్మొద్దంటే నమ్మడం మానేస్తావా?"

బావ నవ్వబోయాడు. అతను నవ్వనివ్వలేదు. చేతిలో ఉన్న పానా బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. రెండు రోజులు కిందికి భోజనానికి దిగలేదు. అక్క పళ్ళెం తీసుకుని మెట్లెక్కి వస్తే, "ఆకలి లేదు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. కార్ఖానాలో అందరూ బావని ఆట పట్టించారు. మూడోరోజు బావే మేడెక్కి, మంచం అంచున కూర్చుని అతని వీపు మీద ఒకటి చరిచాడు.

"అలిగేది అల్లుళ్ళు గానీ బామ్మర్దులు కాదురా. లే. మీ అక్క నిన్నటి నుంచి నాకూ అన్నం సరిగా పెట్టట్లేదు. ఇంకోసారి ప్లగ్గు పీకితే ఒట్టు."

తగువు తీరింది. ఆ పూట ముగ్గురూ కలిసి భోంచేశారు. "ప్లగ్గు దగ్గర కూడా అలుగుతారని నాకు తెలియదమ్మా" అని అక్క కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. బావ మాట తప్పే మనిషి కాదు. ఆ తర్వాత ఆరేళ్ళు, ఒట్టు పెట్టాడు గనక, ప్లగ్గు జోలికి పోలేదు.

కరెంటు పోయినప్పుడు కార్ఖానాలో మనుషులు రెండు రకాలుగా విడిపోతారు. టీకి పోయేవాళ్ళు కొందరు, ఆ ఖాళీలో బ్లేడు మార్చుకునేవాళ్ళు కొందరు. బావ రెండో రకం. కరెంటు లేనప్పుడే మార్చుకుంటే వచ్చాక పని ఆగదని ఆయన లెక్క. అది తెలివైన లెక్కేనని అందరూ అనుకునేవాళ్ళు. కరెంటు లేకపోతే భయమేముంది? ఏ పుట్టలో ఏ పాముందో అని పుట్టలో చెయ్యి పెట్టడానికి జంకే మనిషి, చీకటి మిషనులో మాత్రం నిశ్చింతగా చెయ్యి పెడతాడు.

పోయిన ఏడు, వానలు మొదలైన రోజుల్లో, పొద్దున పదకొండు గంటలకి కరెంటు పోయింది. అప్పటికి బావ చెక్క కోస్తున్నాడు. రంపం చెక్క మధ్యలో ఆగిపోయింది. ఆయన చెక్కని వెనక్కి లాగి, రేకు తీసి, పానా పట్టుకుని బామ్మర్ది కోసం చూశాడు. బామ్మర్ది గేటు దగ్గర టీ తాగుతున్నాడు. కరెంటు పోయిందంటే బావకి తనతో పని పడుతుందని తెలుసు. గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చాడు. వచ్చి, ఎప్పట్లాగే స్విచ్చికి వీపు ఆనించి, బావ వైపు తిరిగి నిలబడ్డాడు.

వెనక్కి తిరిగి స్విచ్చిని చూడలేదు. రోజూ తనే ఆఫ్ చేసి నిలబడేవాడు గనక చూడాల్సిన పని ఉండేది కాదు. ఆ రోజు బయటి నుంచి వచ్చాడు. బావ ఆఫ్ చేసే ఉంటాడనుకున్నాడు. వాడొచ్చి నిలబడ్డాడంటే ఆఫ్ చేసినట్టేనని బావ అనుకున్నాడు.

"నిలబడ్డావా?"

"నిలబడ్డా బావా."

బావ చెయ్యి లోపల పెట్టాడు. అతను టీ ఇంకో గుక్క తాగాడు. ఆ గుక్క మింగడం ఇప్పటికీ గుర్తే. అప్పుడు కరెంటు వచ్చింది.

అది పాతకాలపు స్విచ్చి. కరెంటు పోయినా అది ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, కరెంటు వస్తే మిషను తనంత తనే తిరుగుతుంది. ఎవరో వచ్చి స్విచ్చి వేస్తారేమోనని అతను పదహారేళ్ళు కాపలా కాశాడు. ఆ రోజు దాన్ని ఎవరూ వెయ్యనక్కర్లేకపోయింది. అది వేసే ఉంది.

అతను వెనక్కి తిరిగి స్విచ్చి ఆఫ్ చేశాడు. అది ఆలోచించి చేసింది కాదు, దాచాలని చేసింది అసలే కాదు. చెయ్యి తనంత తను చేసింది. కానీ నలుగురూ పరిగెత్తి వచ్చేసరికి స్విచ్చి ఆఫ్‌లో ఉంది.

బావని భుజాల మీద వేసుకుని పరిగెత్తారు. మోచేతి కింద తెగింది, నెత్తురు ఆగలేదు. ఆస్పత్రిలో మూడు రోజులున్నాడు. రెండోరోజు కాస్త తెలివి వస్తే, పక్కన కూర్చున్న అక్కతో ఒక్కమాట అన్నాడు. అతను తలుపు దగ్గర ఉన్నాడు, విన్నాడు.

"వాడు నిలబడే ఉన్నాడే. వాణ్ణేమీ అనొద్దు."

మూడోరోజు తెల్లవారాక పోయాడు.

కరెంటు మేస్త్రీ వచ్చి స్విచ్చి విప్పి చూశాడు. పాతికేళ్ళ నాటి స్విచ్చిలో అరుగుదల కనబడక ఏమవుతుంది? "లోపల అరిగిపోయింది. ఆఫ్ చేసినా ఆఫ్ అయి ఉండదు" అని తేల్చాడు. అందరూ ఆ మాట పట్టుకున్నారు. నేరం మొయ్యడానికి స్విచ్చిని మించింది లేదు, ఎదురు మాట్లాడదు. యజమాని, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కార్ఖానాలో స్విచ్చిలన్నీ మార్పించాడు. ప్లగ్గులన్నిటినీ నడుమెత్తుకి తెప్పించాడు. ప్రతి మిషను మీదా ఎర్ర అక్షరాలతో బోర్డు రాయించాడు: ప్లగ్గు పీకాలి, కళ్ళెదుట పెట్టుకోవాలి, అప్పుడే చెయ్యి పెట్టాలి.

అతను నోరు విప్పలేదు. మొదట ఏడుపులో చెప్పలేకపోయాడు. తర్వాత అక్క పరిస్థితి చూసి చెప్పలేకపోయాడు. ఆ తర్వాత, చెప్పలేదు గనక చెప్పలేకపోయాడు. నిజమనేది ఆలస్యమైన కొద్దీ బరువెక్కుతుంది. అక్క వచ్చిపోయేవాళ్ళందరితో ఒకటే మాట అనేది. "మా తమ్ముడు పక్కనే ఉన్నాడు. వాడు ఉండి కూడా ఆపలేకపోయాడంటే ఇంకెవరు ఆపుతారు? ఆ పాడు స్విచ్చి." అని, అతని తల నిమిరేది. ఆ చెయ్యి తల మీద పడ్డప్పుడల్లా అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించేది. ఈ లోకంలో ఆమెకి మిగిలింది తనొక్కడు. తనకి మిగిలింది ఆమె ఒక్కతె. చెబితే అదీ పోతుంది.

మూడు నెలలు గడిచాక యజమాని అక్కని పనికి రమ్మన్నాడు. జాలితో రమ్మన్నాడో, జంకుతో రమ్మన్నాడో ఆయనకే తెలియాలి. తమ్ముడు వద్దన్నాడు. "ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే అవి నాతో మాట్లాడతాయా?" అంది అక్క. మొదట్లో కిటికీ రెక్కల మీద గరుకు కాగితం రుద్దే పనిచ్చారు. ఆమెది నిలకడైన చెయ్యి, చూపు కూడా చురుకు. కొన్నాళ్ళకి గాడి మిషను మీద పెట్టారు. కిటికీ రెక్కలో అద్దం కూర్చోవడానికి గాడి తీసే మిషను అది. గాడి వెడల్పుని బట్టి రోజుకి నాలుగైదుసార్లు కత్తి మార్చాలి. వేలెడంత కత్తే గానీ, తిరిగేటప్పుడు అసలు కనబడదు.

మధ్యాహ్నం ఇద్దరూ పాత రంపం బల్ల పక్కన, చెక్కల మీద కూర్చుని తినేవాళ్ళు. అక్క రెండు డబ్బాలు తెచ్చేది. మొదటి వారం పొరపాటున బావ డబ్బా కూడా సర్దేది.

పని నేర్పింది అతనే. మొదటిరోజే బోర్డు చూపించి, ప్లగ్గు పీకించి, బల్ల మీద పెట్టించి, పాఠం చెప్పినట్టు చెప్పాడు. అక్క బుద్ధిగా విని, అలాగే చేసేది. అతను నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ నిశ్చింత నెల రోజులు నిలిచింది.

ఒకరోజు అతను తలుపు చెక్క మోసుకుని వెళ్తుంటే అక్క పిలిచింది.

"తమ్ముడూ, అది దించి ఇటు రా. ఇక్కడ నిలబడు."

ఏదో అడ్డం వచ్చిందేమో, పట్టుకోవాలేమో అనుకుని వచ్చి నిలబడ్డాడు. ఆమె స్విచ్చి ఆఫ్ చేసి పానా తీసుకుంది. వేళ్ళు కత్తి దగ్గర పెట్టి, తలెత్తి అతన్ని చూసి నవ్వింది. బావ పోయాక ఆమె మొహంలో నవ్వు చూడటం అదే మొదలు.

"నిలబడ్డావా?"

అతను ఒక్క అంగలో గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకేశాడు. అక్క నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

"ఎందుకు పీకావు?"

"రూలు అక్కా. బోర్డు చూడు."

"బోర్డు నాకు చదవడం వచ్చు. ఆయన రోజూ ఇంటికొచ్చి చెప్పేవాడురా. ఇవాళ మీ తమ్ముడు నిలబడ్డాడు, నేను చెయ్యి పెట్టానని. అదేదో పెద్ద ఘనకార్యమైనట్టు చెప్పేవాడు. ఆ మాట ఒకసారి నా నోటితో అనాలనిపించింది. అంటే తప్పా?"

"తప్పని కాదు."

"ఆ రూలు స్విచ్చి పాడైనందుకు పెట్టారు. ఇప్పుడు స్విచ్చి కొత్తది. నువ్వు పాతవాడివే. ఆయన పదహారేళ్ళు తన చెయ్యి నీకు అప్పజెప్పాడు. నేను అప్పజెప్పకూడదా?"

అతను ప్లగ్గు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సాయంత్రం ఇంటికి వెళ్తుంటే దారిలో అక్కే అతని చెయ్యి పట్టుకుంది. "పోనీలే, నీకూ భయం పట్టుకుంది. నాకు తెలుసు" అంది.

అక్కడితో ఆగిపోతే బాగుండేది. అతను ఎదురుగా ఉంటే అక్క ప్లగ్గు పీకేది. అతను అటు వెళ్ళగానే పక్క బల్ల దగ్గర రంగులు వేసే ఆవిణ్ణి పిలిచి నిలబెట్టేది. అది చూసి చిత్రిక మిషను దగ్గర ఇద్దరు మొదలుపెట్టారు. వాళ్ళకి అది పెద్ద మేస్త్రీ జ్ఞాపకం. "నిలబడ్డావా?" అని ఒకడనడం, "నిలబడ్డా" అని ఇంకొకడనడం, ఇద్దరూ కాస్త తల దించుకోవడం. పోయిన మనిషిని గౌరవించడానికి వాళ్ళకి దొరికిన దారి అది. ఎర్ర అక్షరాల బోర్డుల మీద రంపపు పొట్టు పేరుకుంటోంది.

మూడు రోజులు అతనికి తిండి సయించలేదు. నాలుగోరోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మిగతావాళ్ళు ఇంకా గేటు దగ్గర ఉండగా అక్క తన మిషను దగ్గరికి వచ్చింది. కార్ఖానా అంతా నిశ్శబ్దంగా ఉంది. ఆమె పానా అందుకుంటుంటే అతను ఎదురుగా వచ్చాడు.

"అక్కా, ఆ స్విచ్చి పాడవలేదు."

"ఏ స్విచ్చి?"

"రంపం స్విచ్చి. అది బాగానే ఉంది. ఆన్‌లో ఉంది. ఆ రోజు నేను ఆఫ్ చెయ్యలేదు."

అక్క పానా పట్టుకునే చూస్తోంది. అర్థం కానట్టు చూస్తోంది. అతను ఆగితే మళ్ళీ చెప్పలేడు, అందుకని ఆగలేదు.

"నేను బయటి నుంచి వచ్చా. చేతిలో టీ గ్లాసుంది. బావ ఆఫ్ చేశాడనుకున్నా. వెనక్కి తిరిగి చూడలేదు. ఎప్పుడూ చూసే అలవాటు లేదు. కరెంటు వచ్చాక నేనే వెనక్కి తిరిగి ఆఫ్ చేశా. అందుకే అందరికీ ఆఫ్‌లో కనబడింది."

"ఆయన అడిగాడా?"

"ఏమని?"

"నిలబడ్డావా అని."

"అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"నిలబడ్డా అన్నా."

అక్క కళ్ళు మూసుకుంది. అతను ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇంత చెప్పినదీ సగమే అవుతుంది.

"ఆరేళ్ళ కింద బావ ప్లగ్గు పీకాడు. గుర్తుందా? నేను అలిగా. రెండు రోజులు అన్నం తినలేదు. నువ్వు పళ్ళెం తెస్తే గోడకి తిరిగి పడుకున్నా. అప్పుడు ఒట్టేసి మానేశాడు. నేను అలగకపోతే, అక్కా, రోజూ పీకేవాడు. ఆ రోజు కూడా పీకి ఉండేవాడు. నేను నిలబడటం వల్ల ఎప్పుడూ ఏమీ ఆగలేదు. ఆ పదహారేళ్ళూ మనకి అదృష్టం, అంతే. నన్ను నమ్మి చెయ్యి పెట్టొద్దు. ఇంకెవర్నీ నమ్మి పెట్టొద్దు."

గేటు దగ్గర ఎవరో గట్టిగా నవ్వారు. అక్క కళ్ళు తెరిచింది. తర్వాత, అతనితో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"వాణ్ణేమీ అనొద్దు అన్నాడు. జ్వరంలో పలవరిస్తున్నాడనుకున్నా. వాణ్ణి నేనెందుకంటాను అనుకున్నా."

ఆమె పానా బల్ల మీద పెట్టింది. గోడ దగ్గరికి నడిచింది. ప్లగ్గు పీకి, తీగతో సహా తెచ్చి బల్ల మీద పెట్టింది. వంగి కత్తి విప్పి, ఇంకోటి బిగించింది. పానా రెండుసార్లు జారింది. పట్టుకోవడానికి అతను చెయ్యి చాపితే, ఆమె తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

అక్కకి చెప్పాక మిగతావాళ్ళకి చెప్పడం కష్టమనిపించలేదు. మర్నాడు పొద్దున్నే, మిషన్లు మొదలుపెట్టకముందు, యజమాని ఎదుటే అందరికీ చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. తిడితే కాస్త తేలికపడేవాడేమో. చిత్రిక మిషను ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, వెళ్ళి తమ ప్లగ్గు పీకి బల్ల మీద పెట్టుకున్నారు. యజమాని రుమాలుతో మొహం తుడుచుకుని, "పోయిన మనిషి ఎలాగూ రాడు" అని లోపలికి వెళ్ళిపోయాడు. కరెంటు మేస్త్రీ ఆ తర్వాత కొన్నాళ్ళు అటు రాలేదు.

అక్క అతనితో మాట్లాడటం మానేసింది. పొద్దున అతను మేడ దిగేసరికే ఆమె వెళ్ళిపోయి ఉండేది. సాయంత్రం ఆమె వెనక అతను ఇరవై అడుగుల దూరంలో నడిచేవాడు. మధ్యాహ్నం ఆమె అవతలి మూల రంగులావిడతో కూర్చుని తినేది. కానీ రంపం బల్ల పక్కన, చెక్కల మీద, అతను రోజూ కూర్చునే చోట, అతని డబ్బా ఉండేది. మొదటిరోజు దాన్ని చూసి అతను తినలేకపోయాడు. ఏడుస్తూ కూర్చున్నాడు. సాయంత్రం నిండుగా ఉన్న డబ్బా తిరిగి తీసుకెళ్తే ఆమె కడిగి, మర్నాడు మళ్ళీ పెట్టింది. అది ప్రేమో, పాతికేళ్ళ అలవాటో అతనికి తెలియలేదు. అడిగే హక్కు పోగొట్టుకున్నాడు. పెట్టింది తిన్నాడు.

కత్తి మార్చాల్సినప్పుడల్లా ఆమె ప్లగ్గు పీకేది. అతను ఎదురుగా ఉన్నా పీకేది, లేకపోయినా పీకేది. ఎవర్నీ నిలబెట్టేది కాదు. ఇదే పని బావ ఒక్కసారి చేసినందుకు అతను రెండు రోజులు పస్తులున్నాడు. ఇప్పుడు అక్క రోజుకి నాలుగైదుసార్లు చేస్తోంది. ప్రతిసారీ అతను తన పని ఆపి చూసేవాడు. ఆమె చెయ్యి గోడ వైపు పోయేదాకా ఊపిరి బిగబట్టి, ప్లగ్గు బల్ల మీద పడ్డాక వదిలేవాడు.

ఇరవై రోజులకి, ఒక ఉదయం, కరెంటు పోయింది. కార్ఖానా అంతా ఒక్కసారి మూగబోయింది. టీకి పోయేవాళ్ళు గేటు వైపు నడిచారు. అక్క గాడి మిషను దగ్గర ఒక్కతే ఉంది. పానా ఆమె చేతిలోనే ఉంది. అతను తలుపు చెక్క దించి అక్కడే ఆగిపోయాడు. ఆమె స్విచ్చి ఆఫ్ చేసింది. గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకింది. తెచ్చి బల్ల మీద పెట్టలేదు. చేత్తో పట్టుకుని అతని వైపు ఎత్తి చూపింది.

"చూడు" అంది.

అతను దగ్గరికి వచ్చాడు. మూడు ఇత్తడి కాళ్ళు, నల్లటి తీగ, ఆమె వేళ్ళు.

"చూశావా?"

"చూశా అక్కా."

అప్పుడు ఆమె ప్లగ్గు ఇద్దరికీ మధ్య బల్ల మీద పెట్టి, చెయ్యి లోపల పెట్టింది. ఆమె నట్టు విప్పి, కత్తి తీసి, ఇంకోటి బిగించి, చెయ్యి బయటికి తీసేదాకా అతను ప్లగ్గు మీంచి కళ్ళు తిప్పలేదు.